మాంద్యం భయం మీది, ధరల భయం మీ అమ్మగారిది

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు మీ సంగతి ఇదీ. వయసు 38. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, చేసే ప్రాజెక్టు అమెరికాలోని ఒక రిటైల్ కంపెనీది. మియాపూర్‌లో ఫ్లాటు, దాని మీద ఇంకా 38 లక్షల అప్పు, 17 ఏళ్ల వాయిదాలు, నెలకు 34 వేల ఈఎంఐ. మీ శ్రీమతి స్కూల్లో టీచరు, 25 వేలు తెస్తారు. పిల్లలిద్దరు. 9 లక్షల ఎఫ్‌డీ, మ్యూచువల్ ఫండులో నెలనెలా వేసే 20 వేల సిప్, మీ కంపెనీవే ఓ 4 లక్షల విలువైన షేర్లు. తెనాలిలో ఉంటున్న మీ అమ్మగారికి 66 ఏళ్లు. నాన్నగారి రిటైర్మెంటు డబ్బు 25 లక్షలు అక్కడి ఒక చిన్న సహకార బ్యాంకులో ఉంది, ఫ్యామిలీ పెన్షన్ కొంత వస్తుంది. ఆఫీసులో లేఆఫ్‌ల గుసగుస, టీవీలో మాంద్యం చర్చ, ఇంట్లో ధరల గొడవ. అందుకని సిప్ ఆపేసి, ఎఫ్‌డీ తీసేసి, అమ్మగారి డబ్బు కూడా కలిపి షాద్‌నగర్ వైపు ప్లాటు కొనాలా, లేకపోతే మొత్తం బంగారంలో పెట్టాలా అని అడిగారు.

నేను 34 ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. సగం సర్వీసు గుంటూరు జిల్లా బ్రాంచీల్లో, మిగతాది ఖమ్మంలో, హైదరాబాద్‌లో. ఫండ్లూ పాలసీలూ అమ్మేవాణ్ని కాదు, లైసెన్సు ఉన్న సలహాదారునీ కాదు. కౌంటరు అవతల జనం తమ డబ్బుతో ఏమేం చేసుకున్నారో ఇవతల కూర్చుని చూసిన అనుభవం తప్ప నాకు వేరే అర్హత లేదు. ఆ లెక్కన తీసుకోండి.

మీ ఉత్తరంలో నాకు కనిపించిన చిక్కు ఒకటే. మీ కుటుంబానికి రెండు భయాలున్నాయి, రెండూ ఒకటే అనుకుని ఒకే మందు వెతుకుతున్నారు. మాంద్యం వస్తే దెబ్బ తగిలేది మీకు. ఉద్యోగం పోవచ్చు, జీతం ఆగవచ్చు, ఈఎంఐ మాత్రం ఆగదు. అమ్మగారికి మాంద్యంతో పని లేదు, ఆవిడ పెన్షన్ ఏ అమెరికా క్లయింటూ ఆపలేడు. ఆవిడకు శత్రువు ధరలు. ఇవాళ ఆవిడకు నెలకు 20 వేలు ఖర్చనుకోండి. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే 12 ఏళ్లలో అదే ఖర్చు 40 వేలవుతుంది, అప్పటికి ఆవిడకు 78. మీకేమో ధరలు పెరిగినా జీతం కూడా ఎంతో కొంత పెరుగుతుంది, పైగా అప్పున్నవాడికి ధరల పెరుగుదల ఒక రకంగా లాభమే. 34 వేల ఈఎంఐ పదేళ్ల తర్వాత కూడా ఇంచుమించు 34 వేలే కదా. కాబట్టి మీ డబ్బుకీ అమ్మగారి డబ్బుకీ ఒకే జవాబు ఉండదు. ప్లాటైనా బంగారమైనా, రెండు డబ్బులూ కలిపి ఒకే చోట పోయడం అన్న ఆలోచన దగ్గరే తేడా వచ్చింది.

"అసలు మాంద్యం వస్తుందా రాదా చెప్పండి" అని మీరు చివర్లో అడిగారు. నాకు తెలియదు. తెలిసినా మీకు పెద్ద ఉపయోగం లేదని మాత్రం చూపించగలను. 2008 జనవరిలో సెన్సెక్స్ 21 వేలు దాటింది. అదే ఏడు సెప్టెంబరు 15న అమెరికాలో లీమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది, అక్టోబరు చివరికి సెన్సెక్స్ ఒక దశలో 8 వేల కిందికి పోయింది. ఆ ఏడు మన దేశంలో వృద్ధి తగ్గిందే గానీ మాంద్యం రాలేదు. మాంద్యం రాకుండానే మార్కెట్ 60 శాతం పడింది. 2020లో దానికి పూర్తిగా తిరగబడింది. లాక్‌డౌన్‌తో దేశం నిజంగానే మాంద్యంలోకి వెళ్లింది, వరసగా రెండు త్రైమాసికాలు జీడీపీ తగ్గింది. సెన్సెక్స్ జనవరిలో 42 వేల నుంచి మార్చి 23కి 26 వేల కిందికి పడి, నవంబరు కల్లా మళ్లీ 42 వేలు దాటేసింది. 2022లో అమెరికాకు మాంద్యం ఖాయమని చెప్పని నిపుణుడు లేడు. అప్పటి లెక్కల్లో అక్కడ వరసగా రెండు త్రైమాసికాలు జీడీపీ తగ్గింది కూడా, అయినా దాన్ని మాంద్యంగా అధికారికంగా ప్రకటించలేదు. ఉద్యోగాలు మాత్రం టెక్ కంపెనీల్లో వేలల్లో పోయాయి. ఈ మూడింట్లో మాంద్యం గురించి కచ్చితంగా ముందే తెలిసినవాడు కూడా డబ్బు ఎటు పెట్టాలో తప్పు చెప్పేవాడు.

నా సొంత కథ ఒకటి చెప్తాను, ఇది బ్యాంకు మేనేజరు చెప్పుకోవాల్సిన కథ కాదు. 2007 నవంబరులో మా అమ్మాయి పెళ్లికని దాచిన 6 లక్షలు తీసుకెళ్లి ఈక్విటీ ఫండ్లలో పెట్టాను. ఆ రోజుల్లో మా స్టాఫ్ రూములో టీ తాగుతూ అందరం మార్కెట్ గురించే మాట్లాడుకునేవాళ్లం, ప్యూను కూడా టిప్పులిచ్చేవాడు. 2008 చివర్లో సంబంధం కుదిరింది, 2009 ఫిబ్రవరిలో ముహూర్తం. తీసేనాటికి 2 లక్షల 70 వేలు చేతికొచ్చాయి. మిగతాది పీఎఫ్ లోను పెట్టి, మా బావగారి దగ్గర చేబదులు తీసుకుని గట్టెక్కాను. ఇంకో 20 నెలలు ఆగి ఉంటే మార్కెట్ పాత చోటికి వచ్చేసేది, 2010 నవంబరులో సెన్సెక్స్ మళ్లీ 21 వేలు తాకింది. కానీ ముహూర్తం సెన్సెక్స్ కోసం ఆగదు. నేను కొన్న ఫండ్లు మంచివే. ఏడాదిన్నరలో కావాల్సిన డబ్బును అక్కడ పెట్టడమే నేను చేసిన తప్పు. అప్పట్నుంచీ ఎవరొచ్చి "ఎక్కడ పెట్టమంటారు సార్" అన్నా, ముందు "ఎప్పుడు కావాలి" అని అడుగుతున్నాను.

ఇప్పుడు మీ విషయం. మీ ఇంటి తప్పనిసరి ఖర్చు లెక్కేశాను: ఈఎంఐ 34 వేలు, ఇల్లు గడవడానికి 45 వేలు అన్నారు, స్కూలు ఫీజులు నెలకు సర్దితే ఓ 15 వేలు. మొత్తం 94 వేలు. మీ ఉద్యోగం పోయినా మీ శ్రీమతి జీతం 25 వేలు వస్తుంది, ఆవిడ స్కూలుకీ అమెరికా రిటైల్ కంపెనీకీ సంబంధం లేదు గనుక. మిగిలిన లోటు 69 వేలు. మీ 9 లక్షల ఎఫ్‌డీ దాన్ని 13 నెలలు మోస్తుంది. ఆ ఎఫ్‌డీకి వడ్డీ తక్కువ, పన్ను పోను ఏం మిగలదు అని మీరు చిరాకుపడ్డారు. నిజమే, మిగలదు. దాని పని వడ్డీ తేవడం కాదు. మీలాంటి 38 ఏళ్ల టెస్టింగ్ లీడుకి ఇంకో ఉద్యోగం దొరకడానికి ఆరు నెలలు పట్టినా, మొదటి నెలలోనే సగం జీతానికి ఒప్పుకోకుండా ఉండగలిగే తెగువ ఇస్తుంది చూశారూ, దానికి వడ్డీ రేటు ఎవరూ కట్టరు. ఆ 9 లక్షలు ముట్టుకోవద్దు. ఒకే ఎఫ్‌డీగా ఉంటే మాత్రం మూడు నాలుగు ముక్కలుగా చేయండి, అవసరానికి ఒక ముక్క విరిస్తే చాలు.

ఇక్కడ మీరు గమనించనిది ఇంకోటుంది. మీ జీతం హైదరాబాద్ ఐటీ మీద ఆధారపడింది. మీ ఫ్లాటు విలువ కూడా దాని మీదే, మియాపూర్‌లో కొనేది, అద్దెకుండేది ఎక్కువమంది మీలాంటివాళ్లే. మీ చేతిలోని షేర్లు మీ కంపెనీవే. ఇప్పుడు కొనాలనుకుంటున్న షాద్‌నగర్ ప్లాటు రేటు కూడా ఐటీవాళ్లు వారాంతాల్లో కార్లేసుకుని వెంచర్లు చూడటానికి వెళ్లినంతకాలమే. అన్నీ ఒకే తాడుకు కట్టారు. అమెరికాలో ఒక కంపెనీ బడ్జెట్ కోస్తే ఆ తాడు ఒక్కసారే తెగుతుంది.

హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం గుర్తుందా? మీరప్పుడు ఇంజినీరింగ్ చదువుతూ ఉంటారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం జరిగిందని ఉత్తరం రాశారు. షేరు ఆ ఒక్క రోజే 179 రూపాయల దగ్గర్నుంచి 40కి పడింది. ఉద్యోగుల్లో చాలామందికి జీతం అక్కడే, షేర్లూ అవే. అప్పుడు నేను హైదరాబాద్ బ్రాంచిలో ఉన్నాను. ఇళ్ల లోన్లు తీసుకున్న కుర్రాళ్లు వచ్చి "సార్, ఈ నెల జీతం పడుతుందో లేదో" అంటుంటే మాకు ఏం చెప్పాలో తోచలేదు. మీ కంపెనీ అలాంటిదని నేను అనడం లేదు. కానీ నెలనెలా జీతం తీసుకునే చోటే పొదుపు కూడా పెట్టాల్సిన అవసరం ఏముంది? ఆ 4 లక్షల షేర్లు అమ్మేయండి. ఇక్కడి మార్కెట్లో లిస్టయిన కంపెనీయే అన్నారు గనుక, ఏడాది దాటిన షేర్ల లాభంలో సంవత్సరానికి లక్షా 25 వేల దాకా పన్ను ఉండదు, ఆపైన 12.5 శాతం. మొత్తం లాభమే లక్షా 25 వేలు దాటితే మార్చిలో సగం, ఏప్రిల్లో సగం అమ్మితే సరిపోతుంది.

ఆ వచ్చిన డబ్బుతో ఏం చేయాలి అంటే, నేనైతే సగం హోమ్ లోనుకు కట్టేస్తాను. 8 శాతం వడ్డీ మీద, 17 ఏళ్లు మిగిలిన 38 లక్షల అప్పులో ఇవాళ 1 లక్ష అదనంగా కడితే చివర్లో దాదాపు 11 ఈఎంఐలు ఎగిరిపోతాయి, అంటే 3 లక్షల 70 వేలు. దీనికి మార్కెట్ రిస్కు లేదు, పన్ను లేదు. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోను మీద ముందస్తు చెల్లింపుకు బ్యాంకు పెనాల్టీ వేయకూడదు కూడా. అయితే ఉన్న డబ్బంతా ఊడ్చి లోనుకు కట్టకండి. ఈ పొరపాటు మంచి క్రమశిక్షణ ఉన్నవాళ్లే ఎక్కువ చేస్తారు. లోనులోకి వెళ్లిన డబ్బు ఉద్యోగం పోయిన రోజున అడిగితే వెనక్కి రాదు. జీతం లేనివాడికి బ్యాంకు టాపప్ (ఉన్న లోను మీద అదనపు అప్పు) ఇవ్వదు, ఆ ఫైళ్ల మీద "రిజెక్టెడ్" అని రాసినవాణ్ని నేనే.

లోను గురించి అడిగారు కాబట్టి ఇంకో మాట. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి తీసుకెళ్లింది, ధరలు అదుపు తప్పుతున్నాయని. అప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించాయి. 15 ఏళ్లనుకున్న లోను 20 దాటిందని కస్టమరుకు తెలియదు, ఎస్సెమ్మెస్ వస్తే చదవరు. 2025లో మళ్లీ తగ్గించుకుంటూ వచ్చి డిసెంబరుకల్లా 5.25 చేసింది. మీ లోను రెపోకు ముడిపడి ఉందా, బ్యాంకు తనే లెక్కగట్టే పాత ఎంసీఎల్ఆర్ రేటులోనే ఉందా, తగ్గింపు మీదాకా వచ్చిందా, ఇంకా ఎన్ని నెలలు మిగిలాయి, ఇవన్నీ ఒక స్టేట్‌మెంటు తీస్తే తెలుస్తాయి. రేటు తగ్గిందని ఈఎంఐ తగ్గించమని మాత్రం అడగొద్దు, అదే ఈఎంఐ కడుతూ నెలలు తగ్గించుకోండి.

సిప్ ఆపాలా? ఎఫ్‌డీ లేకపోయి ఉంటే ఆపమనేవాణ్ని. ఉంది కాబట్టి ఆపనక్కర్లేదు. మార్కెట్ పడితే మీ 20 వేలకు ఎక్కువ యూనిట్లు వస్తాయి, మీకు ఆ డబ్బుతో 15 ఏళ్ల దాకా పని లేదు. లేఆఫ్ లెటరు చేతికొస్తే ఆ రోజే ఆపుకోవచ్చు, ఫోన్లో రెండు నిమిషాల పని. "ఎక్కువకాలం ఉంచితే షేర్లు ఎప్పుడూ లాభమే" అనేవాళ్ల మాట కూడా పూర్తిగా నమ్మకండి. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరులో చేరుకున్న ఎత్తును మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో, 34 ఏళ్ల తర్వాత. అందుకే షేర్లు కొంత, అన్నీ కాదు.

మీ బావమరిది ఆప్షన్లలో (షేర్ల రేట్ల మీద పందెం లాంటి కాంట్రాక్టులు) రోజుకు 5 వేలు సంపాదిస్తున్నాడట. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తన అధ్యయనంలో తేల్చింది, 2021–22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం లక్షా 80 వేల కోట్లకు పైనే. పోయిన రోజు ఎంత పోయిందో బావగారికి ఎవరూ చెప్పరు. ముందుకెళ్దాం.

అసలు కష్టమైన భాగం అమ్మగారి డబ్బు. మొదట అడగాల్సింది: ఇది మీ డబ్బు కాదు కదా? మీరు మంచి మనసుతోనే కలుపుతానంటున్నారు, అనుమానం లేదు. కానీ నా సర్వీసులో నన్ను ఎక్కువ బాధపెట్టిన దృశ్యం ఏంటంటే, భర్త పోయిన పెద్దావిడ ఎఫ్‌డీ రసీదులు పట్టుకుని కొడుకు వెనకాల బ్యాంకుకు రావడం. "అబ్బాయి ఇల్లు కడుతున్నాడండీ, తీసేద్దామనుకుంటున్నాం." సంతకాలు పెట్టించేవాళ్లం, రూలు ప్రకారం అంతకుమించి మేం అడగకూడదు. రెండు మూడేళ్లకు ఆవిడే పెన్షన్ కోసం వచ్చి, షుగరు మాత్రలకు డబ్బు అడగాలంటే కోడలు ఎదురుగా మొహమాటమని నెమ్మదిగా చెప్పేది. కొడుకు చెడ్డవాడేం కాదు, ఆ డబ్బంతా గోడల్లో ఉండిపోయింది, అంతే. అమ్మగారి డబ్బు అమ్మగారి పేరు మీదే, ఆవిడ ఖాతాలోకే వడ్డీ పడేలా ఉండాలి. నామినీగా మిమ్మల్ని పెట్టుకోవచ్చు.

తర్వాత, 25 లక్షలూ ఒకే చిన్న సహకార బ్యాంకులో ఉండటం. అర శాతం ఎక్కువ వడ్డీ అని పెట్టారు. హైదరాబాద్‌లో 2001లో కృషి బ్యాంకు మూతపడ్డప్పుడు దాని ముందు నిలబడ్డ జనాన్ని చూసినవాళ్లకు ఆ అర శాతం రుచించదు. అప్పట్లో డిపాజిట్ ఇన్సూరెన్సు లక్ష రూపాయలే. 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు చేశారు, అదీ ఒక మనిషికి ఒక బ్యాంకులో అన్ని బ్రాంచీలూ, అసలూ వడ్డీ కలిపి. అంటే ఇవాళ అమ్మగారి 20 లక్షలకు ఏ పూచీ లేదు. ఆ బ్యాంకు బ్రహ్మాండంగా ఉండొచ్చు, దానికి నేను వంక పెట్టడం లేదు. గడువు దగ్గర్లో ఉన్న డిపాజిట్లు గడువుకే తియ్యండి, దూరంగా ఉన్నవి కాస్త పెనాల్టీ పోయినా ముందే తీసి అక్కడ 4 లక్షలకు మించి లేకుండా చూడండి.

అందులోంచి 15 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టించండి. పోస్టాఫీసులోనూ ఇస్తారు, బ్యాంకుల్లోనూ ఇస్తారు. ఒకరికి గరిష్ఠం 30 లక్షలు. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి 30,750 రూపాయలు ఆవిడ ఖాతాలో పడతాయి. ఈ రేటును ప్రభుత్వం త్రైమాసికానికోసారి చూసుకుంటుంది గానీ, మీరు కట్టిన రోజున ఉన్న రేటే ఆ డిపాజిట్‌కు ఐదేళ్లూ నడుస్తుంది. వడ్డీ రేట్లు తగ్గుతున్నప్పుడు దీని విలువ ఎక్కువ. పెన్షనూ ఈ వడ్డీలూ అన్నీ కలిపినా ఆవిడ ఆదాయం 12 లక్షల దరిదాపుల్లో ఉండదు కనుక కొత్త విధానంలో పన్ను బెంగ లేదు, రిటర్ను మాత్రం వేయించండి. ఇంకో 5 లక్షలు పెద్ద ప్రభుత్వ బ్యాంకులో ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల గడువులతో ఎఫ్‌డీలు. ఇది ఆసుపత్రి డబ్బు.

మిగిలిన 5 లక్షల గురించి నేను చెప్పేది మా పాత సహోద్యోగులకు నచ్చదు. దాన్ని సెన్సెక్స్ లాంటి సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండులో గానీ, షేర్లు, బాండ్లు కలిసిన హైబ్రిడ్ ఫండులో గానీ ఏడాదిన్నర పాటు కొంచెం కొంచెంగా వేయించండి, అందాకా ఆ 4 లక్షలు పాత బ్యాంకులో ఉన్నా ఫరవాలేదు. 66 ఏళ్లావిడకు షేర్లేంటి అంటారు. ఆవిడ 86 వరకూ ఉండాలనేగా మనందరి కోరిక? అప్పుడు 20 ఏళ్ల ఖర్చు ఉంది. వడ్డీ మొత్తం తినేసి అసలు అలాగే ఉంచితే, 25 లక్షలు కాగితం మీద 25 లక్షలే, బజార్లో 12 ఏళ్లకు పన్నెండున్నర లక్షల పాటి సరుకే వస్తుంది. ధరల జబ్బుకు ఎఫ్‌డీ మందు కాదు. పదేళ్లు ముట్టుకోనక్కర్లేని ఓ చిన్న భాగమైనా పెరిగే చోట ఉండాలి. ఆవిడకు ఇది వివరించి, "పడితే భయపడతావా" అని అడిగి, భయమన్నారంటే మానెయ్యండి. రాత్రి నిద్రపోకుండా వచ్చే లాభం ఆ వయసులో వద్దు.

"ప్రభుత్వం ధరలు తగ్గాయంటోంది, మా ఇంట్లో తగ్గలేదే" అని మీరు ఎగతాళిగా రాశారు. ఎగతాళి అక్కర్లేదు, రెండూ నిజమే. 2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతమే వచ్చింది. అంతకుముందు 2022 ఏప్రిల్లో 7.79 శాతం. అప్పటి సూచీలో తిండి పదార్థాల వాటా దాదాపు 46 శాతం, కూరగాయలు, పప్పులు చవకైతే మొత్తం అంకె కిందికి దిగుతుంది. మీ బుట్టలో టమాటాల కన్నా స్కూలు ఫీజు బరువెక్కువ. అమ్మగారి బుట్టలో మందులు, స్కానింగులు, పనిమనిషి జీతం. అందుకే ఎవరి ద్రవ్యోల్బణం వాళ్లదే. నిరుటి మీ యూపీఐ స్టేట్‌మెంటూ ఈ ఏటిదీ పక్కపక్కన పెట్టి చూసుకోండి, మీ ఇంటి అంకె దొరుకుతుంది.

ఊళ్లో ఎవరో రెండు రూపాయల వడ్డీకి తిప్పుదామని అమ్మగారికి చెప్తున్నారన్నారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు 10, 12 శాతానికి ఇస్తుంటే 24కు తీసుకునేవాడు ఎందుకు తీసుకుంటున్నాడు? బ్యాంకు వాణ్ని గేటు దగ్గరే ఆపేసింది గనుక. రోజులు బాగున్నంతకాలం వడ్డీ ఠంచనుగా తెచ్చిస్తాడు, వ్యాపారం మందగించగానే ముందు ఐపీ (దివాలా) పెట్టేది వాడే. ప్రామిసరీ నోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది, ఆలోగా తిరగరాయించుకోవడం పెద్దావిడ వల్ల అయ్యే పనా? వద్దు.

బంగారం దగ్గరకు వస్తే, మీరు రాసింది చదివితే 2012లో మా బ్రాంచికి వచ్చినవాళ్లు గుర్తొచ్చారు. 2008లో 10 గ్రాములు 12 వేల చిల్లర. 2012కి 31 వేలు. అప్పుడందరూ పరిగెత్తుకొచ్చారు, "ఇంక తగ్గేది లేదు సార్." 2015కి 26 వేలకు దిగింది, 2018లోనూ 31 వేల దగ్గరే తచ్చాడుతోంది. ఆరేళ్లు వడ్డీ లేదు, పెరుగుదల లేదు. ఆ తర్వాత 2020లో 50 వేలు దాటి, 2025 అక్టోబరులో లక్షా 30 వేలు కూడా దాటింది. ఇప్పుడు మళ్లీ అందరూ అదే మాట అంటున్నారు. పెరుగుతుందో తగ్గుతుందో నేను చెప్పను. పెరిగిందన్న ఒక్క కారణంతో ఉన్నదంతా అందులో పెట్టేవాళ్లు మాత్రం ప్రతిసారీ ఆలస్యంగానే వస్తారు. మొత్తం ఆస్తిలో పదో వంతు చాలు, అందులో మీ శ్రీమతి నగలు కూడా లెక్కేయండి, అప్పుడు మీకు ఇప్పటికే సరిపోయిందని తేలొచ్చు. కొత్తగా కొనేది పెట్టుబడికైతే, షేరులా కొని అమ్ముకోగలిగే గోల్డ్ ఈటీఎఫ్ కొనండి. హారం కొంటే తరుగు, మజూరీ, జీఎస్టీ పోతాయి, పైగా అమ్మాల్సొస్తే ఇంట్లో ఏడుపులు. ఉన్న నగలకు ఒక మంచి గుణం ఉంది, అవసరానికి తాకట్టు పెడితే పర్సనల్ లోనుకన్నా తక్కువ వడ్డీకి గంటలో డబ్బొస్తుంది.

ప్లాటు సంగతి. భూమి మీద నాకు ద్వేషం లేదు, మా నాన్న రైతు. అయితే మాంద్యానికి భయపడి భూమి కొనడం మాత్రం నాకు అర్థం కాదు. రోజులు బాగోనప్పుడు ప్లాటు రేటు పడదు, కొనేవాడు కనపడడు. అడిగితే అందరూ గజం ఇంతని పాత రేటే చెప్తారు, అమ్మకానికి పెడితే ఆరు నెలలు ఫోను మోగదు. అమరావతి చుట్టుపక్కల 2015 తర్వాత కొన్నవాళ్లను, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అడగాల్సింది, ఎంత రేటుందని కాకుండా, ఎవరైనా కొంటున్నారా అని. అత్యవసరంలో ప్లాటులో నాలుగో వంతు అమ్ముకోవడం కుదరదు. కొనేటప్పుడే తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను కలిపి 7.5 శాతం పోతుంది. "ప్రీలాంచ్ ఆఫరు, ఇప్పుడైతే సగం రేటే" అని మీ ఫ్రెండు అంటున్నాడంటే ఇంకా భయం. రియల్ ఎస్టేటును నియంత్రించే రేరా చట్టం వర్తించే వెంచరుకు రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు, డబ్బు తీసుకోవడమూ తప్పే. నంబరు అడగండి, వెబ్‌సైట్లో చూడండి, లేఅవుట్ అనుమతి ఎవరిచ్చారో కనుక్కోండి, 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి, లింకు డాక్యుమెంట్లు మీ సొంత లాయరుకు చూపించండి, వెంచరువాళ్ల లాయరుకు కాదు. అన్నీ సరిగా ఉన్నా కూడా, మీకిప్పుడు వద్దనే అంటాను. 38 లక్షల అప్పున్న ఫ్లాటు ఒకటి ఇప్పటికే ఉంది.

ఒక విషయం మీరు అడగలేదు, నేనే అడుగుతున్నాను. హెల్త్ ఇన్సూరెన్సు సొంతంగా ఉందా, కంపెనీ ఇచ్చిందేనా? కంపెనీదే అయితే ఉద్యోగంతో పాటే అదీ పోతుంది, సరిగ్గా అవసరమైన నెలలోనే. ఉద్యోగం ఉన్నప్పుడే నలుగురికీ కలిపి ఒక పాలసీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా తీసేశారు. అమ్మగారికి విడిగా తీసుకోవాలి, ప్రీమియం గట్టిగానే ఉంటుంది, ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి. బీపీ, షుగరు దాచకుండా రాయండి. దాచి తీసుకున్న పాలసీలు క్లెయిము రోజున ఏమవుతాయో చాలా చూశాను. ఆవిడకు 70 నిండాక ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల కార్డు ఆదాయంతో పని లేకుండా వస్తుంది, అప్పటిదాకా నాలుగేళ్లు మీరే నెట్టుకురావాలి.

మీ ఉత్తరంలో ఒకటి తేలలేదు. ఆ షాద్‌నగర్ ప్లాటుకు టోకెన్ అడ్వాన్సు ఇచ్చేశారా? ఇచ్చి ఉంటే ఎంత, ఖాతా ద్వారానా చేతికా, రసీదు మీద ఎవరి పేరుంది, వెనక్కి ఇచ్చే విషయం అందులో ఏమని రాశారు, ఇవి చెప్పండి. ఖాతా ద్వారా ఇచ్చి ఉంటే వెంటనే ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డు పోస్టులో పంపాల్సి ఉంటుంది, అందులో ఏం రాయాలో చూసి పెడతాను.